ప్రభువు, దాసుడు, బాంచ: క్రీస్తు బిరుదుల్ని వాడ నుంచి చదవడం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల మాల, మాదిగ వాడల్లో ఆదివారం ప్రార్థన వింటే కొన్ని పిలుపులు మళ్లీ మళ్లీ వినపడతాయి. ప్రభువు, క్రీస్తు, దావీదు కుమారుడు, దేవుని కుమారుడు, మనుష్యకుమారుడు. విశ్వాసులు వీటిని పేర్లలాగే పలుకుతారు. పాస్టర్లు సిద్ధాంతంగా వివరిస్తారు. మన అభ్యుదయ విమర్శకులైతే ఇదంతా మతం ఖాతాలో వేసి పక్కన పెడతారు. ఈ మూడు పద్ధతుల్లోనూ ఒక ప్రశ్న తప్పిపోతున్నది. ఈ మాటలన్నీ మొదట బిరుదులు. బిరుదులు రాజులకుంటాయి, యజమానులకుంటాయి, చక్రవర్తులకుంటాయి. రోమన్ అధికారం బానిసల్ని చంపే పద్ధతిలో చంపిన ఒక గలిలయ పనివాడికి వీటిని ఎవరు తగిలించారు? తెలుగులోకి వచ్చినంక వీటికేమైంది?

మా వాదన ముందే చెప్తాం. తొలి క్రైస్తవ రచనల్లో ఈ బిరుదులకు అర్థం యజమాని మాటా బానిస మాటా ఒకే మనిషి మీద ఢీకొనడంలో ఉంది. తెలుగు అనువాదం యజమాని మాటను అట్లాగే ఉంచింది, బానిస మాటకు మాత్రం మెరుగు పెట్టింది. దాంతో ఢీకొనడం పోయి పెద్దరికం మిగిలింది. దీని ఫలితాన్ని మనం చర్చిలోనూ చట్టంలోనూ అనుభవిస్తున్నాం.

రాబోయేవాడికి రాజు పేరెందుకు?

ఎదురుచూపు మనకు కొత్తది కాదు. పోతులూరి వీరబ్రహ్మం పేరిట జనంలో తిరిగే కాలజ్ఞానంలో రాబోయేవాడు వీరభోగ వసంతరాయలు. ఆ గురువు చుట్టూ చేరినవాళ్లలో దూదేకుల సిద్దయ్య ఉన్నాడు, మాదిగ కక్కయ్య ఉన్నాడు. అయినా రాబోయేవాడి పేరు చివర 'రాయలు' అని విజయనగర రాజుల బిరుదే ఉంది. అణగారినవాళ్ల ఆశ కూడా రాజు వేషంలోనే ఎందుకొస్తుంది? న్యాయం చెయ్యగల బలం రాజు దగ్గర తప్ప ఇంకెక్కడా వాళ్లు చూడలేదు గనుక. బలానికి వాళ్ల దగ్గరున్న మాట అదొక్కటే.

యూదుల సంగతీ అంతే. హీబ్రూలో మాషియహ్ అంటే నూనె పోయబడినవాడు. రాజునూ ప్రధాన యాజకుణ్ణీ నూనె పోసి పదవిలో కూర్చోబెట్టేవాళ్లు. యెషయా గ్రంథం 45వ అధ్యాయంలో పారశీక రాజు కోరెషును, అంటే ఒక పరదేశిని, కూడా ఇదే మాటతో పిలిచారు. దీన్నే గ్రీకులో ఖ్రిస్తోస్ అన్నారు, మనం క్రీస్తు అంటున్నాం. క్రీ.శ. 50ల్లో పౌలు ఉత్తరాలు రాసే నాటికే అది బిరుదు స్థాయి దాటి దాదాపు ఇంటిపేరులా వాడుకలో పడింది. బిరుదు పేరుగా మారితే దాని వెనకున్న తగాదా కనపడకుండా పోతుంది.

తెలుగులో ఆ మాటకు అర్థం చెప్పాల్సి వస్తే 'అభిషిక్తుడు' అన్నారు. అభిషేకం అనగానే భూపాలపల్లి జిల్లాలో ఎవరికైనా కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీదున్న రెండు లింగాలు గుర్తొస్తాయి. లేదంటే పట్టాభిషేకం గుర్తొస్తుంది. ఒకటి గర్భగుడి మాట, ఇంకొకటి కోట మాట. తరాల తరబడి ఆ రెండు గడపలూ తొక్కనివ్వని కులాలకు 'అభిషిక్తుడు' అని చెప్తే ఏం అర్థమవుతుంది? ఎవరో పెద్దాయన అని అర్థమవుతుంది. అంతే.

ఎవరు పలికారు, ఎక్కడ, ఎవరు నోరు మూసుకోమన్నారు?

బిరుదుకు నిఘంటువులో అర్థం వెతికితే సరిపోదు. ప్రతి బిరుదు దగ్గరా మూడు ప్రశ్నలు వెయ్యాలి. దాన్ని ఎవరు పలికారు? ఎక్కడ పలికారు? ఎవరు అడ్డం పడ్డారు? ఈ ప్రశ్నలతో సువార్తల్ని చదివితే వేరే సంగతులు బయటపడతాయి.

క్రీస్తు అంటే నూనె పోయబడినవాడు అన్నాం గదా. మరి యేసు తల మీద పోసిందెవరు? మార్కు సువార్త 14వ అధ్యాయం చూడండి. ప్రధాన యాజకుడు పొయ్యలేదు, సమూయేలు వంటి ప్రవక్త పొయ్యలేదు. బేతనియలో కుష్ఠరోగి సీమోను ఇంట్లో, పేరైనా చెప్పని ఒక స్త్రీ ఖరీదైన అత్తరు బుడ్డి పగలగొట్టి ఆయన తల మీద పోసింది. అక్కడున్నవాళ్లు గొణుక్కున్నారు. మూడు వందల దేనారాల సరుకు, అంటే కూలివాడి ఏడాది సంపాదన దగ్గర దగ్గర, నేలపాలైందన్నారు. యేసు ఆమె పక్షం వహించి, ఇది తన సమాధికి జరిగిన సిద్ధపాటు అన్నాడు. ఈ ఘట్టం ప్రాముఖ్యాన్ని స్త్రీవాద పండితురాలు ఎలిజబెత్ షూస్లర్ ఫియొరెంజా 1983లో అచ్చయిన తన గ్రంథంలో ఎత్తి చూపారు. దానికి మేం కలిపేది ఒకటుంది. ఊరు వెలివేసిన ఇల్లు, ఆడమనిషి చెయ్యి, శవానికి చేసే సేవ. మన ఊళ్లలో శవం పనీ గొయ్యి పనీ ఎవరి మీద పెట్టారో చదువరులకు చెప్పనక్కర్లేదు. ఆ సువార్తలో ఆ తలకు దొరికిన తైలం ఇదొక్కటే. రాజబిరుదుకు ఇక్కడ అంటరాని ఇంట్లో అర్థం ఏర్పడుతున్నది.

'దావీదు కుమారుడు' అన్న వంశబిరుదు చూద్దాం. మార్కులో దాన్ని కేక పెట్టి పలికింది యెరికో దారి పక్కన అడుక్కునే గుడ్డి బర్తిమయి. గుంపు అతణ్ణి నోరు మూసుకోమంది, అతను ఇంకా గట్టిగా అరిచాడు. మత్తయి 15వ అధ్యాయంలో పలికింది కనాను స్త్రీ, అంటే యూదులు బయటిదిగా చూసే మనిషి. ఆమెను శిష్యులు పంపించెయ్యమన్నారు. యేసే ఆమెతో కుక్కల పోలిక తెచ్చాడు. ఆమె ఆ పోలికను పట్టుకునే వాదించి గెలిచింది. ఈ ఘట్టాన్ని వినయానికి ఉదాహరణగా బోధిస్తుంటారు. కుక్క అనిపించుకోవడం ఏమిటో తెలిసిన వాడలో దాన్ని వాదనగానే చదవాలి.

ఇంకో సంగతి. రెండవ సమూయేలు గ్రంథం 5వ అధ్యాయంలో దావీదు యెరూషలేమును పట్టుకున్న కథలో, గుడ్డివాళ్లూ కుంటివాళ్లూ లోపలికి రాకూడదన్న నానుడి ఆ రాజు పేరు మీదే పుట్టినట్టు రాశారు. మత్తయి 21వ అధ్యాయంలో జనం దావీదు కుమారుడికి జయం అంటూ ఊరేగిస్తారు. ఆయన దేవాలయంలోకి పోతాడు. ఆ వెంటనే గుడ్డివాళ్లూ కుంటివాళ్లూ దేవాలయంలో ఆయన దగ్గరికి వస్తారు. దావీదు పేరు మీద మూసిన గడపను దావీదు కుమారుడి పేరు మీద దాటారు. ఆలయ ప్రవేశం కోసం దెబ్బలు తిన్న జనానికి ఇంతకన్నా దగ్గరి పాఠం ఏముంది? అక్కడ కోపం వచ్చింది కూడా ప్రధాన యాజకులకూ శాస్త్రులకూనే.

పేతురు సంగతి దీనికి తలకిందులు. మార్కు 8వ అధ్యాయంలో 'నువ్వే క్రీస్తువు' అని సరైన జవాబు చెప్పాడు. వెంటనే చావు మాట ఎత్తితే యేసునే మందలించాడు, గట్టి చీవాట్లు తిన్నాడు. బిరుదు సరిగ్గా పలికినా అర్థం తప్పొచ్చన్న మాట. ఈ సువార్తలో యేసు తన బిరుదుల్ని బయటికి చెప్పొద్దనడాన్ని విలియం వ్రేడ అనే జర్మన్ పండితుడు 1901లో 'మెస్సీయ రహస్యం' అని పేరు పెట్టి చర్చించాడు. రాతలో ఆ బిరుదు అందరికీ కనపడేలా ఎక్కింది ఒక్కచోటే. 'యూదుల రాజు' అని సిలువ మీద, ఎగతాళికి, చంపినవాళ్ల చేతి రాతతో.

మనిషి బిడ్డ

'మనుష్యకుమారుడు' అన్న మాట తెలుగు చెవికి గంభీరంగా ఉంటుంది. అరమేయికంలో 'బర్ ఎనాష్' అంటే మామూలుగా మనిషి, నరుడు అని. మన జిల్లాల నుడికారంలో 'మనిషి బిడ్డ' అంటే సరిగ్గా సరిపోతుంది. సువార్తల్లో ఈ మాట దాదాపు యేసు నోటి నుంచే వస్తుంది. పౌలు ఎక్కడా వాడలేదు. దీని మూలం దానియేలు 7వ అధ్యాయం. సముద్రంలోంచి నాలుగు మృగాలు లేస్తాయి, అవి సామ్రాజ్యాలు. వాటి అధికారం పోయినంక మనిషి బిడ్డ లాంటివాడు వస్తాడు, రాజ్యం అతనికి దక్కుతుంది. పాలించినవన్నీ మృగాలు, చివరికి వచ్చేది మనిషి.

అరవింద్ పి. నిర్మల్ 1980ల్లో దళిత వేదాంతానికి పునాది వేసినప్పుడు ఈ బిరుదునే పట్టుకున్నారు. మనిషి బిడ్డ తిరస్కారం పొందాలి, శ్రమపడాలి, చావాలి అన్న వాక్యాల్లో ఆయన యేసు దళితత్వాన్ని చూశారు. ఆ చదువు మాకు దారి చూపింది. అయితే అది సగం దగ్గర ఆగింది. ఆ బిరుదులో బాధ వాక్యాలు ఎన్ని ఉన్నాయో తీర్పు వాక్యాలు కూడా అంత గట్టిగానే ఉన్నాయి. మేఘాల మీద వచ్చేదీ, ప్రధాన యాజకుడి కొలువులో నిలబడి మీరే చూస్తారని హెచ్చరించేదీ ఆ మనిషి బిడ్డే. బాధను మాత్రమే తీసుకుంటే మనకు మిగిలేది ఓదార్పు. వెలివాడకు ఓదార్పు ఎప్పుడూ చౌకగానే దొరికింది. కొరవడింది తీర్పు.

ఒక్క గ్రీకు మాట, మూడు తెలుగు మాటలు

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. గ్రీకులో 'కూరియోస్' అన్న ఒక్క మాట మూడు పనులు చేసేది. హీబ్రూ గ్రంథాల గ్రీకు అనువాదంలో దేవుడి పేరు వచ్చిన చోటల్లా ఆ మాటే పెట్టారు. బానిసను కొనుక్కున్నవాడూ కూరియోసే. రోమన్ చక్రవర్తికీ ఆ బిరుదు వాడేవాళ్లు. కాబట్టి 'యేసే కూరియోస్' అని ఒక బానిస పలికితే ఇంటి యజమానికీ ఊరేలే రాజుకూ ఒకేసారి తగిలేది. 'దేవుని కుమారుడు' కూడా అట్లాంటిదే. చక్రవర్తి అగస్టస్ తన నాణేల మీద దైవపుత్రుణ్ణని అచ్చువేయించుకున్నాడు. మార్కులో ఆ బిరుదును సిలువ కింద నిలబడి, చచ్చిపోయిన మనిషిని చూసి పలికింది ఆ చక్రవర్తి సైన్యంలోని శతాధిపతి.

తెలుగు బైబిలు ఈ ఒక్క మాటను మూడు ముక్కలు చేసింది. దేవుడి పేరు ఉన్నచోట 'యెహోవా', యేసును పిలిచే చోట 'ప్రభువు', బానిసల యజమానులు వచ్చిన చోట 'యజమానులు'. మూడు అరల్లో మూడు మాటలు సర్దుకున్నాయి, ఒకదానికొకటి తగలవు.

దీనికి జోడీ మాట 'దూలోస్'. అంటే బానిస. సంతలో అమ్మబడే మనిషి. పౌలు రోమీయులకు రాసిన ఉత్తరాన్ని తనను తాను క్రీస్తుకు దూలోస్ అని చెప్పుకుంటూ మొదలుపెడతాడు. ఫిలిప్పీయులకు జైలు నుంచి రాసిన ఉత్తరం 2వ అధ్యాయంలో, యేసు బానిస రూపం తీసుకుని సిలువ చావుకు దిగాడనీ, అందుకే దేవుడు ఆయనకు కూరియోస్ అన్న పేరిచ్చాడనీ ఉంది. సిలువ అంటే రోములో ముఖ్యంగా బానిసల శిక్ష. క్రీ.పూ. 71లో స్పార్టకస్ తిరుగుబాటు అణిచినంక దారి పొడుగునా 6,000 మంది బానిసల్ని సిలువ వేశారు. ఆ శిక్ష పడ్డవాణ్ణి కూరియోస్ అనడం ఆనాటి చెవికి ఎంత అసంబద్ధంగా, ఎంత ప్రమాదకరంగా తోచి ఉంటుందో ఊహించుకోవాలి.

తెలుగులో దూలోస్ 'దాసుడు' అయ్యాడు. దాసుడు అంటే మనకు రామదాసు గుర్తొస్తాడు. భద్రాచలం కంచెర్ల గోపన్న తాసిల్దారు. దాసు అనిపించుకోవడం ఆయనకు గౌరవం. భక్తి సాహిత్యంలో అదొక పదవి. ఈ అనువాదాల పని ఎవరి మధ్య జరిగిందో గుర్తుంచుకోవాలి. 19వ శతాబ్దం మొదట్లో విశాఖపట్నంలో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన అగస్టస్ డెస్‌గ్రాంజెస్, క్రైస్తవం తీసుకున్న బ్రాహ్మణుడు ఆనందరాయర్ కలిసి సువార్తల్ని తెలుగు చేశారు. మాదిగ యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నది 1866లో. ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజున, 1878 జులై 3న, 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంటే మన జనం గుంపులుగా వచ్చేసరికే తెలుగు క్రైస్తవానికి పలుకుబడి పండితుల గ్రాంథికంలో స్థిరపడిపోయింది. వచ్చినవాళ్ల నోటి మాటను ఎవరూ అడగలేదు.

అడిగి ఉంటే జనగామ ప్రాంతం ఏ మాట ఇచ్చేది? 'నీ బాంచన్ కాల్మొక్త దొరా' అన్న మాట ఇక్కడ ఎవరికి తెలియదు? బాంచన్ అంటే నీ బానిసను అని. మోట బొక్కెనకు తోలు, దొర కాళ్లకు చెప్పులు, కబురు మోత, గడి చాకిరీ, అన్నీ వెట్టి. దూలోస్‌కు సరైన తెలంగాణ మాట బాంచ. కూరియోస్‌కు సరైన మాట దొర. యేసు బాంచ అయ్యి చచ్చిండు, ఆయనే దొర. ఇట్లా చెప్తే గడిలో కూచున్నోడు దొర కాదన్న మాట వెంటనే తోస్తుంది. ఈ మాటను బైబిలుతో పని లేకుండానే ఈ నేల ఇంకో దారిలో చెప్పింది. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు దొడ్డి కొమరయ్య బలయ్యాడు, ఆ తర్వాత బాంచన్ అన్న చేతులే గడీల మీదికి లేచాయి.

ఈ తర్కం ఈ నేలకు పరాయిది కూడా కాదు. బమ్మెర పోతన తన భాగవతాన్ని రాజుకు అంకితమివ్వలేదని చెప్పుకుంటారు. దేవుడు ప్రభువైతే రాజు కాడన్న తర్కమే అది. అయితే ఆ తర్కం కులం గడప దగ్గర ఆగింది. పాలకుర్తి సోమనాథుడు బసవపురాణంలో మాదార చెన్నయ్య కథ చెప్పాడు. బసవడైతే తన వచనాల్లో ఆ చెన్నయ్యనే తండ్రిగా చెప్పుకున్నాడు. వంశబిరుదును పైనుంచి గాక కింద నుంచి తీసుకోవడం అంటే అదీ. ఇవన్నీ జనగామ చుట్టుపక్కల దొరికే వనరులే.

బైబిల్లో అంతా మన వైపే ఉందని మేం అనడం లేదు. ఎఫెసీయులకు రాసిన ఉత్తరం 6వ అధ్యాయం బానిసల్ని యజమానులకు లోబడమంటుంది, క్రీస్తుకు లోబడినట్టే లోబడమంటుంది. ఇక్కడ కూరియోస్ అన్న బిరుదు మళ్లీ యజమానికి కాపలా కాస్తున్నది. బిరుదుల్ని లొంగదీసే పని తొలి శతాబ్దంలోనే మొదలైందన్న మాట. రచనల్లోనే తగాదా ఉంది. ఏ పక్షాన నిలబడి చదువుతున్నామో చెప్పకుండా 'బైబిలు ఇట్లా చెప్తుంది' అనడం కుదరదు.

డోర్నకల్ పాఠం

మహబూబాబాద్ జిల్లాలో ఉన్న డోర్నకల్ ఈ చర్చకు పెద్ద ఉదాహరణ. నిజాం రాజ్యంలోని ఆ రైల్వే జంక్షన్‌కు 1912లో బిషప్‌గా అభిషేకం పొందినవాడు వి.ఎస్. అజరయ్య. ఆంగ్లికన్ సభలో మొదటి భారతీయ బిషప్. తిరునల్వేలి ప్రాంతపు నాడార్ కుటుంబంలో పుట్టాడు. ఆయన కింద చేరిన జనంలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ గుమ్మటాల్లో, స్తంభాల్లో మసీదు పోలికా గుడి పోలికా కలిసి కనపడతాయి.

బిషప్ కాకముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్య తెల్ల మిషనరీల ముఖం మీదే ఒక మాటన్నాడు. మీరు ఎన్నో త్యాగాలు చేశారు, మాకు కావాల్సింది స్నేహితులు అన్నాడు. యోహాను సువార్త 15వ అధ్యాయంలో యేసు శిష్యులతో ఇక మిమ్మల్ని బానిసలనను, స్నేహితులంటాను అంటాడు. అజరయ్య అడిగింది ఆ మాటనే. కూరియోస్ తన బిరుదును తానే కిందికి దించే చోటది. మిషనరీని దొరగారనీ ఆయన భార్యను దొరసాని అనీ పిలవడం అలవాటైన దేశంలో ఇది చిన్న మాట కాదు.

మరి తెల్ల దొరలు పోయినంక ఏమైంది? పాస్టరు అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు. మారుమాట్లాడితే అభిషిక్తుణ్ణి ఎదిరించినట్టే అంటారు. ఆయనా వాడ బిడ్డే కావచ్చు. కానీ కుష్ఠరోగి ఇంట్లో అర్థం పొందిన మాట మళ్లీ గద్దె ఎక్కి కూచున్నది. డయాసిస్ ఆస్తుల మీద, పదవుల మీద జరిగే కొట్లాటల్లో మాల మాదిగల మధ్య గీత చెరిగిపోలేదు. ఆడవాళ్లు సంఘాన్ని మోస్తారు, వేదిక మీద కనపడేది తక్కువ. బిరుదుల్ని పైనుంచి మాత్రమే చదివితే చర్చి గడిలాగే నడుస్తుంది.

పేరుకు కట్టిన మూల్యం

క్రీస్తు బిరుదులోంచే ఇంకో పేరు పుట్టింది. అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయం ప్రకారం 'క్రైస్తవులు' అన్న పేరు అంతియొకయలో మొదలైంది. అది బయటివాళ్లు పెట్టిందని చాలామంది పండితుల అభిప్రాయం. సుమారు క్రీ.శ. 112లో బితూనియ గవర్నరు ప్లినీ, ఆ పేరు ఒప్పుకున్నవాళ్లను చంపించాననీ, నిజం రాబట్టడానికి ఇద్దరు బానిస స్త్రీలను హింసించాననీ చక్రవర్తికి రాశాడు. ఆ బానిస స్త్రీలు సంఘంలో పరిచారకులు. మొదట్నుంచీ ఈ పేరుకు మూల్యం కట్టింది కింది మనుషులే.

మన దగ్గర ఆ మూల్యం రాజ్యాంగ ఉత్తర్వు రూపంలో ఉంది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు 3వ పేరా హిందువులు కానివాళ్లను ఆ జాబితా నుంచి తప్పించింది. 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ సవరణ జరిగింది, క్రైస్తవులకూ ముస్లిములకూ జరగలేదు. తెలుగు రాష్ట్రాల్లో మతం మారిన ఎస్సీల్ని బీసీ-సీ గ్రూపులో పెట్టి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007 నివేదికలో మతంతో ముడి తెంచమంది. 2022 అక్టోబరులో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, మతం మారి పాస్టరుగా ఉన్న మనిషికి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదన్నది. కొట్టేవాడు కులం చూసి కొడతాడు, కోర్టు మతం చూసి కేసు కొట్టేస్తుంది. కె. విల్సన్ 1982లోనే దళిత క్రైస్తవుల్ని రెండుసార్లు పరాయి చేయబడ్డవాళ్లని రాశారు. అందుకే మన వాడల్లో చాలామంది సర్టిఫికెట్‌లో ఒక పేరు, సంఘంలో ఇంకో పేరు మోస్తున్నారు. దీన్ని మోసం అనేవాళ్లు ముందు 3వ పేరా గురించి మాట్లాడాలి.

చర్చి పెద్దలు ఈ అన్యాయం మీద తీర్మానాలు చేస్తారు, మంచిదే. కానీ యేసు బానిస చావు చచ్చిన కూరియోస్ అన్న సంగతిని ప్రసంగాల్లోంచి తీసేసి, బయట మాత్రం దళిత హోదా అడిగితే మాటకు బలమెక్కడిది? మేమంటున్నవి మూడే. వేదాంత కళాశాలల్లో, యువజన బైబిలు తరగతుల్లో 'దాసుడు' వచ్చిన చోటల్లా 'బానిస' అని పక్కన రాసుకుని చదవాలి. ప్రతి బిరుదు దగ్గరా ఎవరు పలికారు, ఎక్కడ, ఎవరు అడ్డం పడ్డారు అని అడగాలి. 'అభిషిక్తుడు' అన్న మాటతో ఎవరైనా నోరు మూయించబోతే, మార్కు 14వ అధ్యాయం తెరిచి, ఆ నూనె ఎవరింట్లో ఎవరి చేత్తో పోయబడిందో చదివి వినిపించాలి.